వ్యాపారమునకు వెబ్ అప్లికేషన్ - ఎవరికి తగును, ఎవరికి తగదు?

పంట చేతికి వచ్చినంత మాత్రమున రైతు పని ముగియదు. పండించిన దానిని అమ్ముట, అమ్మిన దానికి సొమ్ము రాబట్టుట, వచ్చిన సొమ్మునకు లెక్క వ్రాసుకొనుట కూడ సేద్యములో భాగములే. ఈ పనులను సులభము చేయునని వెబ్ అప్లికేషన్ అను సాధనమును గురించి నేడు రైతు సంఘములలోను, పాల వ్యాపారులలోను, కూరగాయలు పండించువారిలోను ఎక్కువగా చర్చ జరుగుచున్నది. దీనిని చేయించుకొనవలెనా, అద్దెకు తీసుకొనవలెనా, లేక వదలివేయవలెనా అను విషయము నిర్ణయించుకొనుటకు ఒక పద్ధతి కావలెను. ఆ పద్ధతిని వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇది చిన్న విషయము కాదు. రైతు ఉత్పత్తిదారుల సంఘములో ఉన్న వాటాధనము సభ్యులు కొద్ది కొద్దిగా కూడబెట్టి ఇచ్చినది. అది తగని సాధనముపై ఖర్చయినచో మంచి త్రాసునకు, సరకు నింపు పెట్టెలకు, బండి కిరాయికి సొమ్ము మిగలదు. అట్లని తగిన చోట కూడ భయపడి మానుకొన్నచో ప్రతి నెల జరుగుచున్న నష్టము జరుగుచునే యుండును. కావున ముందు లెక్క, తరువాత కొనుగోలు అను నియమమును పాటింపవలెను.

వెబ్ అప్లికేషన్ అనగానేమి?

దుకాణములో ఖాతా పుస్తకము ఒకటే యుండును. దానిని ఒక సమయమున ఒక్క గుమాస్తా మాత్రమే వ్రాయగలడు. ఆ పుస్తకమును ఒకచోట భద్రముగా నుంచి, అనుమతి గల వారందరు తమ తమ ఊళ్ళ నుండియే అందులో వ్రాయుటకు, చూచుటకు వీలు కల్పించినచో ఎట్లుండునో వెబ్ అప్లికేషన్ అట్టిది. ఆ పుస్తకముండు కంప్యూటరును సర్వర్ అందురు. దానిని మన ఫోనులోని బ్రౌజరు ద్వారా తెరచి చూతుము. వ్రాసిన మరుక్షణమే అది అందరికి కనబడును.

స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనా సంస్థలో 1989లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను రూపొందించెను. మన దేశములో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందుబాటులోనికి వచ్చినది. మొదట్లో వెబ్ పేజీలు చాలవరకు చదువుకొనుటకే పనికివచ్చినవి. తరువాత వానితో పనులు జరుపుకొనుట కూడ సాధ్యమైనది. 2002 నుండి రైలు టిక్కెట్టును ఇంటి నుండియే కొనుచున్నాము గదా! ఆ టిక్కెట్టు ఇచ్చు పేజీయే వెబ్ అప్లికేషన్‌కు మంచి ఉదాహరణము.

ఇక్కడ మూడింటిని వేరు చేసి చూడవలెను. మీ పేరు, ఊరు, సరకు, ధర మాత్రము చూపు పేజీని వెబ్‌సైటు అందురు. అది దుకాణము ముందు కట్టిన బోర్డు వంటిది. ఆర్డరు తీసుకొని, లెక్క కట్టి, బాకీ చూపునది వెబ్ అప్లికేషన్. ఇది గుమాస్తా వంటిది. ఫోనులో ప్రత్యేకముగా ఎక్కించుకొనవలసినది మొబైల్ యాప్. వెబ్ అప్లికేషన్‌ను ఎవరును ఎక్కించుకొన నక్కరలేదు. సర్వరులో ఒక్కచోట మార్పు చేసినచో అందరికి ఆ మార్పు అందును. కాని సాధారణముగా దీనికి సిగ్నలు కావలెను. సిగ్నలు లేని పొలములలో పనిచేయవలసినచో, ఎలక్ట్రానిక్ త్రాసు వంటి పరికరములతో ఫోనును కలుపవలసినచో మొబైల్ యాప్ మేలు. బోర్డుతో సరిపోవువాడు గుమాస్తాకు జీతమీయ నక్కరలేదు.

ముందుగా నష్టము ఎక్కడ జరుగుచున్నదో చూడవలెను

పైరు పసుపుబారినపుడు తెలిసిన రైతు వెంటనే యూరియా సంచి విప్పడు. నత్రజని లోపమా, నీరు నిలిచినదా, వేరుకుళ్ళు సోకినదా అని ముందు చూచును. నీరు నిలిచిన మడిలో యూరియా చల్లిన ఫలితము రాదు. మురుగు కాలువ తీయవలెను. వ్యాపారములో కూడ అంతే. లాభము తగ్గినపుడు ముందు కారణమును గుర్తింపవలెను.

అమ్మకములో నష్టము సాధారణముగా నాలుగు విధములుగా జరుగును.

1. సరకు నష్టము: వాడుట, నలుగుట, కుళ్ళుట, గ్రేడు చేయకపోవుట.

2. దారి నష్టము: బండి ఆలస్యమగుట, కిరాయి ఎక్కువగుట, కొద్ది సరకునకు దూరము పోవుట.

3. నమ్మకపు నష్టము: తూకములో మోసము, బాకీ ఎగవేయుట, నాణ్యతపై తగవు.

4. సమాచారపు నష్టము: ఆర్డరు తప్పుగా వినుట, లెక్క మరచుట, ధర ఆలస్యముగా తెలియుట, ఎవరి వద్ద ఎంత సరకున్నదో తెలియకపోవుట.

వెబ్ అప్లికేషన్ నేరుగా సరిదిద్దగలది నాలుగవదానిని మాత్రమే. మూడవదానిలో కొంత భాగమునకు, అనగా లెక్క విషయపు తగవులకు, అది సాయపడును. మొదటి రెండింటిని అది తనంత తాను తగ్గింపలేదు. నష్టములో పెద్దభాగము సమాచారములో జరుగుచున్నచో ముందుకు పోవచ్చును. కానిచో ఆ సొమ్మును పెట్టెలపై, నీడ పందిరిపై, బండిపై పెట్టుట మేలు.

మన బజారులు నేర్పిన పాఠము

సైదాబాదు పరిసరములనే తీసికొందము. దగ్గరలోనే మాదన్నపేట కూరగాయల మండీ కలదు. మలక్‌పేటలో మహబూబ్ మాన్షన్ ఆవరణలోని గంజు ఉల్లి, మిరప వ్యాపారమునకు పేరుపొందినది. సరూర్‌నగరులో రైతుబజారు కలదు. గడ్డిఅన్నారములో నుండిన పండ్ల మార్కెట్టు 2021-22లో బాటసింగారమునకు తరలింపబడినది. ఆకుకూర మొదలు ఎండుమిరప వరకు అన్ని విధముల సరకు ఈ చుట్టుపట్ల చేతులు మారుచున్నది. కాని అన్ని సరకులకు ఒకే విధమైన అమ్మక పద్ధతి తగదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజారులు 1999 జనవరి 26న ప్రారంభమైనవి. గుర్తింపు కార్డు గల రైతు తన కూరగాయలను తానే తెచ్చి, బోర్డుపై వ్రాసిన ధరకు వినియోగదారునకు నేరుగా అమ్ముట దీని పద్ధతి. రైతు, కొనువాడు ఎదురెదురుగా నుందురు. సరకు కంటికి కనబడును. సొమ్ము అక్కడికక్కడే చేతికి వచ్చును. ఇందులో పనిచేసినది సుద్దముక్కతో వ్రాయదగిన బోర్డు, సరియైన త్రాసు, కూర్చుండుటకు చోటు. ఇట్టి చోట కంప్యూటరు చేయగల పని తక్కువ.

ఇందుకు భిన్నమైన ఉదాహరణము ఈ-నామ్ అనబడు జాతీయ వ్యవసాయ మార్కెట్టు. ఇది 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో ప్రారంభమైనది. 2020 నాటికి వేయి మార్కెట్లు ఇందులో చేరినవి. మార్కెట్టు గేటు వద్ద రైతు సరకునకు ఒక లాటు సంఖ్య ఇత్తురు. నాణ్యతను పరీక్షించి నమోదు చేయుదురు. వ్యాపారులు కంప్యూటరుపై గాని, ఫోనుపై గాని ధర వేయుదురు. ఎక్కువ ధర వేసిన వానికి సరకు దక్కును. తూకమైన తరువాత సొమ్ము రైతు బ్యాంకు ఖాతాలో చేరవలెను. నిజామాబాదు పసుపు మార్కెట్టు ఈ పద్ధతికి పేరుపొందినది. ఎండిన పసుపు చాలకాలము నిలువ యుండగలదు. దాని తేమను కొలువవచ్చును. కొమ్ము, గుండు అని వేరుచేయవచ్చును. కావుననే కంటితో చూడని వ్యాపారి కూడ ధర వేయుటకు వీలున్నది. నాణ్యతా పరీక్ష సరిగా జరుగని చోట దూరపు వ్యాపారి ధర వేయుటకు జంకును. అప్పుడు మరల ఆ ఊరి వ్యాపారులే మిగులుదురు. అనగా కంప్యూటరుకన్న ముందు పరీక్షశాల, త్రాసు సరిగా నుండవలెను.

మధ్యప్రదేశ్‌లో 2000 సంవత్సరమున ఐ.టి.సి. సంస్థ సోయాచిక్కుడు కొనుగోలుకై ఈ-చౌపాల్‌ను ప్రారంభించినది. గ్రామములో ఒక రైతు ఇంట కంప్యూటరు నుంచి, ఆ రైతు ద్వారా ధరలు తెలియజేసిరి. ధర తెలియుటతో పాటు కంపెనీ కేంద్రమున సరియైన తూకము, వెంటనే సొమ్ము లభించుట రైతులను ఆకర్షించినవి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ 2004లో ఈ-సాగు అను సలహా పద్ధతిని ప్రారంభించినది. అందులో గ్రామములోని కార్యకర్త పైరు ఫోటోలు తీసి పంపగా నిపుణులు చూచి సలహా వ్రాసెడివారు. ఈ రెండింటిలోను సాధనమునకు, రైతునకు నడుమ ఊరిలో నమ్మకమైన మనిషి యుండెను. ఆ మనిషి లేనిచో సాధనము గోడకు వ్రేలాడు క్యాలెండరు వంటిదే.

అయిదు ప్రశ్నలు

పై పాఠముల నుండి అయిదు ప్రశ్నలను తీసికొనవచ్చును. ఒక్కొక్కదానికి "అవును", "కాదు" అని నిజాయితీగా వ్రాసికొనుడు.

1. ఒకే విధమైన పని దినమునకు పలుమారులు జరుగుచున్నదా? ఏడాదికి రెండుమారులు జరుగు పనికి ఈ సాధనము వలదు.

2. పలువురు, పలుచోట్ల నుండి ఒకే లెక్కను చూడవలసి యున్నదా? లెక్క చూచువాడు ఒక్కడే అయినచో పుస్తకము చాలును.

3. సరకును చూడకుండ మాటలతో, కొలతలతో చెప్పగలమా? "మొదటి రకము టమాట, 25 కిలోల పెట్టె" అని చెప్పినపుడు అందరికి ఒకే అర్థము కలుగవలెను.

4. అవతలి వారు వాడుదురా? మీకు నచ్చిన మాత్రమున చాలదు. కొనువారికి, గుమాస్తాకు, బండివానికి కూడ అలవాటు కావలెను.

5. అది ఒకదినము ఆగిపోయినను పని నడచునా? కరెంటు, సిగ్నలు లేని నాడు కాగితముపై పని జరుపు ఏర్పాటు ఉండవలెను.

మొదటి నాలుగింటికి "అవును" రానిచో వెబ్ అప్లికేషన్‌కు కాలము రాలేదని తెలిసికొనవలెను. అయిదవదానికి "కాదు" వచ్చినచో ముందు ఆ ఏర్పాటు చేసికొని తరువాత ఆలోచింపవలెను.

మూడు ఉదాహరణములు

ఈ ప్రశ్నలను మూడు రకముల వ్యాపారములకు వర్తింపజేసి చూతము. ఇవి విషయము వివరించుటకై ఊహించిన ఉదాహరణములు.

మొదటిది: ఇబ్రహీంపట్నము వైపు ఒక ఎకరములో కొత్తిమీర, పాలకూర, పుదీన పండించు రైతు తెల్లవారుజామున మాదన్నపేట మండీకి సరకు తెచ్చును. వేసవిలో సగము కట్టలు వాడిపోవును. ఒక్కొక్క దినము సరకు ఎక్కువై ధర పడిపోవును. ఇతడు ఇంటింటికి అమ్ముటకై వెబ్ అప్లికేషన్ చేయించుకొనదలచినాడు. ఇతని నష్టము సరకులోను, దారిలోను ఉన్నది. ఒక్కొక్క ఇంటికి రెండు కట్టలు చేర్చుటకు అగు ఖర్చు ఆ కట్టల ధరను మించవచ్చును. ఇతనికి తగిన ఉపాయములు వేరు. కొత్తిమీరను ఒకేసారి విత్తక పది దినములకొక మడి చొప్పున విడతలుగా విత్తవలెను. సాయంకాలము చల్లబడిన తరువాత కోసి, తడిగోనె కప్పి తేవలెను. రంజాను మాసములో పాతబస్తీలో పుదీన, కొత్తిమీరలకు గిరాకి పెరుగును గనుక నెలవంకను లెక్క చూచుకొని ముందుగా మడులు సిద్ధపరచవలెను. సరూర్‌నగరు రైతుబజారులో కార్డుకై ప్రయత్నింపవలెను. వెబ్ అప్లికేషన్ ఇతనికి తగదు.

రెండవది: సైదాబాదు కాలనీలలో 80 ఇండ్లకు పాలు పోయు వ్యాపారి. ఒక ఇంటికి లీటరు, మరియొక ఇంటికి అరలీటరు. ఊరికి పోయినవారు నాగా పెట్టుదురు. నెలాఖరున "మేము నాలుగు దినములు నాగా పెట్టినాము, మీరు రెండే వ్రాసినారు" అని తగవు వచ్చును. ఇది నిజముగా సమాచారపు నష్టమే. కాని దీనికి చవుక మందు కలదు. ఇంటికొక పాల కార్డు ఇచ్చి, పాలు పోసినపుడే గుర్తు పెట్టి, అదే గుర్తును తన పుస్తకములో వేసికొనవలెను. నాగా పెట్టువారు ముందునాటి సాయంత్రమే వాట్సాప్‌లో తెలుపవలెనని నియమము పెట్టవలెను. నెల లెక్కను ఫోనులోని స్ప్రెడ్‌షీటులో కట్టి, సొమ్మును యూపీఐ ద్వారా తీసికొనవలెను. ఇండ్లు 80 నుండి 400లకు పెరిగి, పోయువారు నలుగురైనపుడు పుస్తకములు నాలుగగును, తప్పులు పెరుగును. అప్పుడు పాల వ్యాపారమునకై తయారుగా దొరకు అప్లికేషన్‌ను అద్దెకు తీసికొనవచ్చును. ఇతనికి సమాధానము "ఇప్పుడు కాదు" అని.

మూడవది: పండ్రెండు గ్రామములలో 300 మంది సభ్యులు గల రైతు ఉత్పత్తిదారుల సంఘము. దినమునకు రెండు టన్నుల కూరగాయలను సైదాబాదు, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతములలోని 40 హాస్టళ్ళకు, హోటళ్ళకు, దుకాణములకు చేర్చుచున్నది. సాయంత్రము ఫోనులో ఆర్డర్లు వచ్చును. ఇద్దరు గుమాస్తాలు వ్రాసి, ఏ ఊరి నుండి ఎంత కావలెనో పండ్రెండు ఊళ్ళకు మరల ఫోను చేయుదురు. అరవై కిలోలు పదహారు కిలోలుగా వినబడుట, ఒకే ఆర్డరును రెండుమారులు వ్రాయుట జరుగుచుండును. ఈ సంఘము అయిదు ప్రశ్నలకు "అవును" అని చెప్పగలదు. కావున దీనికి లెక్క వేసి చూడవలెను.

ఖర్చు, లాభముల లెక్క

క్రొత్త ఎరువును, క్రొత్త యంత్రమును వాడుటకు ముందు వ్యవసాయ శాస్త్రములో వేయు పాక్షిక బడ్జెట్టునే ఇక్కడ కూడ వేయవచ్చును. మార్పు వలన పెరుగు లాభము, తగ్గు ఖర్చు ఒకవైపు. పెరుగు ఖర్చు, తగ్గు రాబడి మరియొకవైపు వ్రాయవలెను. మారని వానిని వ్రాయ నక్కరలేదు. క్రింది అంకెలు పద్ధతిని చూపుటకు మాత్రమే. మీ అంకెలను మీరే వేసికొనవలెను.

ఆర్డర్ల పొరపాట్ల వలన దినమునకు 40 కిలోలు మిగిలి మండీలో తక్కువకు అమ్ముడగుచున్నదని, కిలోకు 12 రూపాయలు నష్టమని అనుకొందము. దినమునకు 480 రూపాయలు, నెలకు 25 దినములకు 12,000 రూపాయలు. బాకీ లెక్కల తగవులలో నెలకు 3,000 రూపాయలు పోవుచున్నదనుకొందము. మొత్తము నెలకు 15,000, ఏడాదికి 1,80,000 రూపాయలు. ఏ సాధనమైనను నష్టమునంతను ఆపదు. సగము ఆగునని 90,000 రూపాయలు మాత్రమే లెక్కలోనికి తీసికొనవలెను. ఒక గుమాస్తా సగము కాలము మిగులును గనుక నెలకు 5,000 చొప్పున ఏడాదికి 60,000 రూపాయలు. ఆ మిగిలిన కాలమునకు వేరొక పని చూపినపుడే ఇది నిజమైన లాభమగును. మొత్తము లాభము 1,50,000 రూపాయలు.

సొంతముగా చేయించినచో 3,00,000 రూపాయలు అగునని, దానిని మూడేండ్లకు పంచినచో ఏడాదికి 1,00,000 రూపాయలని అనుకొందము. సర్వరు, వెబ్ పేరు కిరాయి 18,000, మరమ్మతులు, మార్పులు 45,000, శిక్షణ 12,000. మొత్తము 1,75,000 రూపాయలు. అనగా ఏడాదికి 25,000 రూపాయలు నష్టము.

తయారుగా నున్న దానిని నెలకు 4,000 రూపాయలకు అద్దెకు తీసికొన్నచో ఏడాదికి 48,000, శిక్షణకు 12,000. మొత్తము 60,000 రూపాయలు. అది మన పనికి పూర్తిగా కుదరదు గనుక లాభము 1,10,000 రూపాయలే వచ్చుననుకొన్నను 50,000 రూపాయలు మిగులును.

ఒకే సంఘము, ఒకే పని; అయినను సొంతమునకు నష్టము, అద్దెకు లాభము వచ్చినది. ట్రాక్టరు విషయములో మనకు ఇది క్రొత్త కాదు. పది ఎకరముల రైతు దున్నకమునకు ట్రాక్టరును అద్దెకు పిలిచి లాభపడును; కొన్నచో వాయిదాలకే పంట పోవును. రేపు కొనువారు 40 నుండి 100కు పెరిగినచో, అద్దె కూడ పెరిగినచో, ఈ లెక్క తారుమారు కావచ్చును. అందుచే ఏడాదికొకమారు మరల వేసి చూడవలెను.

సొంత సాధనము ఎంతకాలము ఖాళీగా నుండునో కూడ గమనింపవలెను. మామిడి తోటల వారికి అమ్మకము కొన్ని వారములలో ముగియును. బంగినపల్లి, హిమాయతు పండ్లకు ముందుగా ఆర్డర్లు తీసికొనుటకు ఉచితముగా దొరకు ఆర్డరు ఫారము చాలును. మిగిలిన నెలలు ఊరకుండు దానికి ఏడాది పొడుగున కిరాయి కట్టుట వృథా.

చిన్న మడిలో పరీక్ష

క్రొత్త వంగడమును పొలమంతటను వేయక ముందు చిన్న మడిలో వేసి చూతుము. ఇక్కడ కూడ ఆ విధముగనే చేయవలెను.

మొదటి నెల: ఏమియు కొనరాదు. ఒక పుస్తకములో ప్రతి దినము జరిగిన నష్టమును, అది పైన చెప్పిన నాలుగు విధములలో ఏదో, ఎంత సొమ్మో వ్రాయవలెను. ఈ నెల పుస్తకము లేక వేసిన లెక్క ఊహ మాత్రమే.

రెండవ నెల: ఆర్డర్లు ఇచ్చుటకు సమయము నిర్ణయించుట, అంకెను మరల చదివి వినిపించుట, సరకులకు గ్రేడు పేర్లు పెట్టుట చేయవలెను. ఈ క్రమశిక్షణతోనే చాల తప్పులు తొలగిపోవచ్చును. తొలగినచో ఖర్చు తప్పినది. గందరగోళముగా నున్న పనిని కంప్యూటరుకు ఎక్కించినచో గందరగోళము వేగముగా జరుగును.

మూడవ నెల: ఉచిత ఫారము, స్ప్రెడ్‌షీటులతో పదిమంది కొనువారికి మాత్రము పని నడిపి చూడవలెను. పదిమందిలో ఎందరు మరల ఫోనుకే పోయిరో లెక్కించవలెను. ఎక్కువమంది మరలిపోయినచో కారణము అడిగి తెలిసికొనవలెను.

ఆ తరువాత: తయారుగా నున్న దానిని నెలవారీ అద్దెకు తీసికొనవలెను. ఒక్కసారిగా మూడేండ్ల అద్దె కట్టరాదు. అద్దె దానితో కుదరని పని ఏదో స్పష్టముగా తెలిసి, లెక్కలో లాభము కనబడినపుడే సొంతముగా చేయించుకొనవలెను.

చేయించుకొనువారు పెట్టవలసిన షరతులు

ఒప్పందమును కాగితముపై వ్రాయించుకొనవలెను. అందు ఈ క్రింది విషయములుండవలెను.

1. వెబ్ పేరు సంఘము పేరిటనే నమోదు కావలెను. చేయువాని పేరిట నున్నచో పొలము మనది, పట్టా పరులది అయినట్లగును. దానికి గడువు తీరక ముందే కిరాయి కట్టుచుండవలెను.

2. మన లెక్కలనన్నిటిని ఎప్పుడు కావలసిన అప్పుడు స్ప్రెడ్‌షీటుగా బయటకు తీసికొను వీలుండవలెను. అద్దె దానికి కూడ ఈ షరతు ముఖ్యము. ఈ వీలు లేనిది ఎంత చవుకగా దొరకినను తీసికొనరాదు.

3. సొంతముగా చేయించిన దాని మూల ప్రోగ్రామును సంఘమునకు అప్పగింపవలెను. దానితో వేరొకరు మరమ్మతు చేయగలరు.

4. తెలుగు అక్షరములు యూనికోడు పద్ధతిలో నుండవలెను. పాత ఫాంట్లలో వ్రాసిన పేర్లను వెదకుట, వరుసలో పెట్టుట కష్టము. వేరొక ఫోనులో అవి గజిబిజిగా కనబడును. పాతబస్తీలో కొనువారిలో ఉర్దూ చదువువారు చాలమంది కలరు. కావున ఉర్దూ పేజీ కూడ నుండుట మంచిది. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగును గనుక పేజీ అమరికను ముందే ఆ విధముగా చేయించవలెను.

5. చవుక ఫోనులో, బలహీనమైన సిగ్నలులో పనిచేయవలెను. కార్యాలయములోని పెద్ద తెరపై చూచి తృప్తి చెందక, ఊరిలో బండివాని ఫోనులో తెరచి చూడవలెను.

6. ప్రతి దినము లెక్కలకు నకలు తీసి వేరొకచోట ఉంచవలెను. ఆ నకలు నుండి మరల లెక్కలు తేగలుగుదురో లేదో మూడు నెలలకొకమారు చేయించి చూడవలెను. మొలక పరీక్ష చేయని విత్తనమును, తెరచి చూడని నకలును నమ్మరాదు.

7. సొమ్మును పని జరిగిన కొలది వాయిదాలలో ఇవ్వవలెను. కడపటి వాయిదాను ఒక నెల నడిపి చూచిన తరువాతనే చెల్లింపవలెను.

జాగ్రత్తలు

ప్రతి ఒక్కరికి వేరు వేరు పాస్‌వర్డు ఉండవలెను. అందరును ఒకే పాస్‌వర్డు వాడినచో తప్పు వ్రాసినది ఎవరో తెలియదు. పని మానినవాని పాస్‌వర్డును ఆనాడే తొలగింపవలెను.

సభ్యుల, కొనువారి వివరములలో పనికి కావలసిన వానినే తీసికొనవలెను. పేరు, ఊరు, ఫోను సంఖ్య చాలిన చోట ఆధారు సంఖ్య అడుగరాదు. మన దేశములో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేయబడినది. ఇతరుల వివరములు మన వద్ద దాచిన సొమ్ము వంటివని భావింపవలెను.

సొమ్ము వచ్చు ఖాతా సంఘము పేరిటనే ఉండవలెను. యూపీఐలో మనకు సొమ్ము వచ్చుటకు పిన్ నొక్కనక్కరలేదు. పిన్ అడిగినచో మన సొమ్ము పోవుచున్నదని అర్థము. ఓటీపీని ఎవరికిని చెప్పరాదు. మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

పైరు విషయములో సలహా మాత్రమే కావలసిన రైతు దానికై ఏ సాధనమును కొననక్కరలేదు. 2004లో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటరు సంఖ్య 1800-180-1551. ఉచితముగా తెలుగులో మాట్లాడవచ్చును.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి

1. వెబ్ అప్లికేషన్ సమాచారపు నష్టమును తగ్గించును. సరకు నష్టమును, దారి నష్టమును అది తగ్గింపదు.

2. ఒకే పని పలుమారులు, పలువురు, పలుచోట్ల నుండి చేయుచున్నపుడే అది తగును.

3. చూడకుండ చెప్పదగిన సరకునకు అది అనుకూలము. గంటలలో వాడిపోవు సరకునకు కాదు.

4. ముందు పుస్తకము, తరువాత ఫోను, ఆపైన స్ప్రెడ్‌షీటు, తరువాత అద్దె సాధనము, కడపట సొంతము. ఏ మెట్టు వద్ద పని చక్కబడునో అక్కడనే ఆగవలెను.

5. వెబ్ పేరు, లెక్కలు, ఖాతా - ఈ మూడును మీ చేతిలోనే ఉండవలెను.

సంఘముల కార్యవర్గమువారు ఈ విషయమును సర్వసభ్య సమావేశములో పెట్టి, ఒక నెల నష్టముల పుస్తకమును సభ్యులకు చదివి వినిపించి, వారి సమ్మతితో నిర్ణయించుట మంచిది. సొమ్ము సభ్యులది, సాధనము వాడవలసినది కూడ వారే. రేపటి ఉదయము నుండియే ఆ నష్టముల పుస్తకమును వ్రాయ మొదలుపెట్టుడు. దానికి కావలసిన పెట్టుబడి ఒక నోటుపుస్తకము, ఒక పెన్ను మాత్రమే.